జపాను వాద్యములందలి సవారి

జపాను సంగీతమును విమర్శించువారు దానిని ప్రాచీనము, ఆధునికము అని రెండుగాఁ జీల్చి, ఒకదానిని పొగడి వేఱొకదానిని తెగడుట పరిపాటియైనది. వాద్యముల చరిత్రము ఈ చీలికకు లొంగదు. నేఁడు జపానీయులు తమదని చెప్పుకొను షామిసెన్ 16వ శతాబ్దమున ర్యూక్యూ ద్వీపములనుండి వచ్చినది. ద్వీపములందు దానికిఁ బాముచర్మము కప్పెడువారు. జపానునందుఁ బిల్లిచర్మమో కుక్కచర్మమో కప్పిరి. బివా యను వీణను వాయించు అంధగాయకులు ఈ క్రొత్త వాద్యమును చేపట్టి, తమకు అలవాటైన వెడల్పు మీటుబద్దతోనే దానిని మీటిరి. ఆ బివానుండియే సవారి యను గుణముకూడ దీనికి సంక్రమించినదని పండితుల మతము.

సవారి యనఁగా జపానుభాషలోఁ దాఁకుట. అడ్డంకి యను అర్థముకూడ దానికిఁ గలదు. (మన సవారికిని దీనికిని సంబంధము లేదు.) షామిసెన్ మూఁడు తీఁగలలో మంద్రమైనది తక్కినవానివలెఁ బైమెట్టుమీఁద నిలువక, కాండమును ఒకచోట నించుక తాఁకునట్లు అమర్పఁబడును. మీటినప్పుడు స్వరముతోఁబాటు తుమ్మెదరొదవంటి ఝంకారము పుట్టును. తంబుర గుఱ్ఱముపైఁ దీఁగక్రింద దారముంచి జీవము రప్పించుట యెఱిఁగిన మనవారికి దీని స్వారస్యమును వివరింప నక్కఱలేదు. ఐరోపావారు తమ వాద్యములనుండి రొదను తొలఁగింపఁ బ్రయాసపడిరి. వీరు దానిని బుద్ధిపూర్వకముగాఁ దెచ్చి పెట్టుకొనిరి. కాఁబట్టి ఈ రెండు సంగీతములను కలుపఁబూనిన జపాను విద్వాంసుని గూర్చి మొదట అడుగవలసిన ప్రశ్న, ఆతఁడు రొదను ఏమి చేసెనని.

మియాగి మిచియో (1894-1956) కోబె నగరమునఁ బుట్టి, బాల్యముననే చూపు కోల్పోయి, కోతో వాదనమున నిష్ణాతుఁడయ్యెను. 1920లోఁ దన నూతన రచనలను సభ కెక్కించెను. నవ్యజపాను సంగీతమని ఆ యుద్యమమునకుఁ బేరు. కోతోకు రూఢిగాఁ బదుమూఁడు తీఁగలు. బృందవాదనమున మంద్రస్థాయి చాలుట లేదని గ్రహించి, ఈతఁడు 1921లోఁ బదునేడు తీఁగల కోతోను కల్పించెను; అది నేఁటికిని నిలిచియున్నది. ఎనుబది తీఁగలతోఁ జేయించిన మఱియొకటి మాత్రము వాడుకలో నిలువలేదు. మొదటిది లోటు తీర్చుటకుఁ బుట్టినది. రెండవది పియానోతోఁ బోటీపడుటకుఁ బుట్టినదని నాకుఁ దోఁచును.

1929లో రచించిన ‘హరు నో ఉమి’ (వసంతసముద్రము) ఈతని కీర్తికి మూలము. అది కోతోకును, షకుహాచీ యను వెదురువేణువునకును కూర్చినది. 1932లో ఫ్రెంచి విదుషి రెనె షెమె వేణుభాగమును వయొలీనుపై వాయింపఁగా, మియాగి కోతో పలికించెను. ఆ గ్రామఫోను పలకతో రచనకు దేశాంతరఖ్యాతి కలిగినది. దీనిని ఘనవిజయమని అందఱు నందురు. నేనును అందును, కాని ఒక్క సందేహముతో. స్వరములు చెదరలేదు, భావము మాఱలేదు. పోయినది షకుహాచీయందలి ఊపిరి. ఆ వేణువునందు గాలి స్వరముగా మాఱకమునుపే కొంత చెవికి సోఁకును. వయొలీనున దానికిఁ దావు లేదు. కోతో సహజముగా నిర్మలనాదము గల వాద్యమగుటచే మియాగి కృతి యింత సుకరముగా సముద్రము దాఁటినది. గరుకైన వాద్యములకు ఈ మార్గము చాలదు.

తకెమిత్సు తోరు (1930-1996) దీనికి నేరెదురు దారి త్రొక్కెను. యుద్ధకాలమున బాలుఁడైన ఈతనికి స్వదేశసంగీతము ఆ చేదుదినములనే తలపించుటచే, చాలకాలము దానిని దూరముగా నుంచెను. పిమ్మట బున్‌రాకు బొమ్మలాటలో లావుకాండపు షామిసెన్ విని చకితుఁడయ్యెను. న్యూయార్కు ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందము 125వ వార్షికోత్సవమునకై కోరఁగా ‘నవంబరు స్టెప్స్’ రచించెను. 1967 నవంబరులో ఒజవా సెయిజి నిర్వహణమున అది వినిపింపఁబడెను. త్సురుతా కిన్షి బివాను, యొకొయామా కత్సుయా షకుహాచీని వాయించిరి. ఇందుఁ గలయిక లేదు. పాశ్చాత్యబృందము తన పలుకు తాను పలికి ఊరకుండును. వాద్యములు రెండును తమ పలుకు తాము పలుకును. కడపటి దీర్ఘభాగమున బృందమంతయు మౌనము వహింప, బివాపై మీటుబద్ద ఫెళ్ళున తగిలి, తీఁగరొద మెల్లమెల్లగా నడఁగిపోవుటయుఁ గూడ సంగీతమే యగును. ఈ బివాభాగమును వయొలీను కీయఁజూచినచో మిగులునది సున్న. ఇది పొత్తు కాదు, విడాకులని యాక్షేపించువారు కలరు. అట్లే కావచ్చును, కాని అసత్యపుఁబొత్తుకంటె ఈ యెడబాటున వాద్యమునకు మర్యాద దక్కినది.

2013లో నేర్పడి 2024 కడపట విరామము ప్రకటించిన వగక్కి బ్యాండు ఈ చర్చను సామాన్యజనులయొద్దకుఁ గొనిపోయినది. కోతో, షకుహాచీ, త్సుగరు షామిసెన్, పెద్దభేరి ఒకవైపు. విద్యుద్గిటారు, డ్రమ్ములు మఱియొకవైపు. యంత్రకంఠమునకై 2011లోఁ గూర్చఁబడిన ‘సెన్‌బొన్‌జకురా’ పాటను వీరు 2014లో నీ మేళముతో వాయించి లోకప్రసిద్ధి గాంచిరి. పండితులు కొందఱు దీనిని సంతగోలగాఁ ద్రోసిపుచ్చిరి. అది తొందరపాటు, వాయించువారు అభ్యాసము గలవారు, షామిసెన్ ఒంటిగా నందుకొను చోట్లఁ జేతివాటము స్పష్టముగాఁ దెలియును. లోపము వేఱొకచోట నున్నది. విద్యుద్గిటారు నాదమును బుద్ధిపూర్వకముగాఁ జీల్చి గరుకుచేయుట ఆ సంగీతపు అలవాటు. అనఁగా దానికిని ఒక సవారి కలదన్నమాట. ఆ గిటారు రొద నిండుగా మ్రోఁగుచుండఁగా షామిసెన్ మంద్రతీఁగ ఝంకారము దానియందే మునుఁగును. మనకు వినఁబడునది బద్ద చర్మమునకుఁ దగులు టకటక మాత్రమే.