కణితికి నెత్తురు దారి: ఫోక్‌మన్ పనితనం

కుందేలు కంటిలో కార్నియాకూ ఐరిస్‌కూ నడుమ తేటనీటితో నిండిన చిన్న అర ఉంటుంది. అందులో క్యాన్సర్ కణితి ముక్కను వదిలితే అది తేలుతూ వారాల తరబడి బతికే ఉంది కానీ మిల్లీమీటరు సైజు దాటలేదు. అలాంటి ముక్కనే రక్తనాళాలున్న ఐరిస్‌కు ఆనించి పెడితే రెండు వారాల్లో వేల రెట్లు పెరిగింది. తేలుతూ నిద్రపోయినట్టున్న ముక్కను తీసి ఐరిస్ మీద పెట్టినా అదే జరిగింది.

బోస్టన్ పిల్లల ఆసుపత్రి సర్జన్ జూడా ఫోక్‌మన్ బృందం 1972లో ప్రచురించిన ప్రయోగమిది. ఇందులో మారింది చోటు ఒక్కటే. కణితి అదే, కన్ను అదే, ద్రవం అదే. పైగా కార్నియా పారదర్శకం కాబట్టి కోసి చూడాల్సిన పని లేకుండా నాళాలు మొలిచి కణితి వైపు సాగడం రోజురోజుకూ కంటితోనే చూడొచ్చు. కన్నును ఎంచుకోవడంలోనే సగం జవాబు ఉంది. ఇంత పొదుపైన ప్రయోగాలు వైద్యశాస్త్రంలో అరుదని నా అభిప్రాయం.

ఈ ఊహకు బీజం 1960ల మొదట్లో అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో పడింది. రక్తానికి బదులు వాడదగిన ద్రవం కోసం వెతుకుతూ, శరీరం నుంచి వేరుచేసిన గ్రంథిలో ఫోక్‌మన్ కణితి కణాలు పెంచాడు. అవి ఒకటి రెండు మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయాయి. ఎలుకలోకి మార్చగానే మళ్లీ విజృంభించాయి. కారణం ఆక్సిజన్. కేశనాళిక నుంచి అది 100 నుంచి 200 మైక్రాన్ల దూరమే వ్యాపించగలదు. అంతకు మించి పెరగాలంటే కణితి కొత్త నాళాలను రప్పించుకోవాలి. ఆ నాళాలను ఆపితే కణితి ఆగుతుందని 1971లో ఆయన రాస్తే చాలామంది నమ్మలేదు. ఊపిరాడని కణాలు నాళాల కోసం పంపే పిలుపుల్లో ముఖ్యమైనది వీఈజీఎఫ్ అనే ప్రొటీన్. 1989లో శాస్త్రవేత్త నపోలియోనే ఫెరారా బృందం దాన్ని శుద్ధిచేసి, జన్యువును పట్టుకుంది.

అయితే అలా రప్పించుకున్న నాళాల కట్టుబడి నాసిరకం. ఓరుగల్లు చుట్టుపక్కల కాకతీయుల గొలుసుకట్టు చెరువులు చూసినవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పై చెరువు అలుగు దూకితే కింది చెరువు నిండుతుంది. తూము నుంచి కాలువ, కాలువ నుంచి పిల్లకాలువ, మడికి తగినంత నీరు. ఆరోగ్యమైన శరీరంలో ధమని నుంచి కేశనాళిక దాకా ఇలాంటి వరసే ఉంటుంది. కణితిలో ఆ వరస ఉండదు. కొన్ని నాళాలు మొండిగా ఆగిపోతాయి, కొన్నింట్లో రక్తం వెనక్కి మళ్లుతుంది. గోడ కణాల మధ్య సందులుంటాయి, గోడను బయటినుంచి పట్టి ఉంచాల్సిన పెరిసైట్ కణాలు అరకొరగా అతుక్కుంటాయి. ద్రవం బయటికి కారి కణితి లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడికి కీమోథెరపీ మందు లోపలికి ఇంకదు. ఆక్సిజన్ లేనిచోట రేడియేషన్ పట్టు తగ్గుతుంది. ఆ సందుల్లోంచే క్యాన్సర్ కణాలు రక్తంలోకి జారుకుంటాయి.

వీఈజీఎఫ్‌ను పట్టేసే బెవాసిజుమాబ్ అనే మందుకు 2004లో అమెరికాలో అనుమతి వచ్చింది. ముదిరిన పెద్దపేగు క్యాన్సర్‌లో కీమోకు దీన్ని జోడిస్తే మధ్యస్థ జీవితకాలం 15.6 నెలల నుంచి 20.3 నెలలకు పెరిగింది. నాళాలను పూర్తిగా తుంచేయకుండా కొంతకాలం సరిదిద్దితే కీమో బాగా చేరుతుందని పరిశోధకుడు రాకేశ్ జైన్ 2001లో ప్రతిపాదించాడు. నాకు సబబుగా తోచే వివరణ అది. అన్ని క్యాన్సర్లకూ ఈ మందు పనిచేయలేదు. రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చిన అనుమతిని అమెరికా 2011లో వెనక్కి తీసుకుంది. ఒక పిలుపును మూస్తే కణితి మరో పిలుపు పంపుతుంది.

ఇదే కోవలోని సొరాఫెనిబ్ కాలేయ, మూత్రపిండ క్యాన్సర్లకు వాడే మాత్ర. నెల మోతాదు ధర సుమారు 2 లక్షల 80 వేల రూపాయలుండేది. 2012 మార్చి 9న దాన్ని తయారుచేసేందుకు దేశంలోనే మొదటి తప్పనిసరి లైసెన్సు (పేటెంటుదారు ఒప్పుకోకున్నా ఇచ్చే అనుమతి) హైదరాబాద్‌కు చెందిన నాట్కో కంపెనీకి దక్కింది. ధర 8,880 రూపాయలకు దిగింది. పేటెంటుదారు బేయర్ సుప్రీంకోర్టు దాకా వెళ్లినా లైసెన్సు నిలిచింది. 2016లో హైదరాబాద్‌కే చెందిన హెటిరో కంపెనీ బెవాసిజుమాబ్‌కు బయోసిమిలర్ (దానికి దీటైన మందు) తెచ్చింది. ఫోక్‌మన్ ఊహ మన ఊళ్ల రోగుల దాకా రావడానికి మందులను ఇలా ఇక్కడే తయారుచేసే పని కూడా అంతే అవసరమైంది.

ఒక మాట గుర్తుంచుకోండి. గాయం మానడానికీ, కిడ్నీ వడపోతకూ మన శరీరానికి వీఈజీఎఫ్ కావాలి. అందుకే ఈ మందులతో బీపీ పెరగొచ్చు, మూత్రంలో ప్రొటీన్ పోవచ్చు, గాయాలు ఆలస్యంగా మానొచ్చు. వరంగల్ నుంచి హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లివస్తూ ఇంటిదగ్గర మందు వాడేవారు బీపీ చూపించుకోవడం మానొద్దు. పన్ను తీయించుకోవాలన్నా, ఏ చిన్న ఆపరేషన్ అయినా, ఈ మందు వాడుతున్నామని డాక్టరుకు ముందే చెప్పండి.