ధారణకు పట్టుకొమ్మలు

అష్టావధానం చివర వచ్చే ధారణను చాలామంది జ్ఞాపకశక్తికి పెట్టే పరీక్ష అనుకుంటారు. అవధాని కళ్లు మూసుకుని, రెండు మూడు గంటలుగా ముక్కలు ముక్కలుగా చెప్పిన పద్యాలను వరసగా అప్పజెబుతుంటే అలా అనిపించడం సహజమే. అయితే ఆ పద్యాలను కట్టిన తీరు దగ్గర నిలబడి చూస్తే మరో సంగతి తెలుస్తుంది. గుర్తుపెట్టుకునే పనిలో పెద్ద వాటా అప్పటికే పూర్తయి ఉంటుంది. అది పద్యం కట్టే పనిలోనే జరిగిపోతుంది.

తిరుపతిలో ఈ విద్యకు మంచి ఆదరణ ఉంది. తిరుమల తిరుపతి దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టుకు సంచాలకులుగా పనిచేసిన మేడసాని మోహన్ గారు పంచసహస్రావధానిగా ప్రసిద్ధులు. అంటే ప్రశ్నలడిగే పృచ్ఛకులు ఐదువేల మంది. అంత పెద్ద లెక్క అర్థం కావాలంటే అష్టావధానంలోని ఎనిమిది మందితో, అందులోనూ అత్యంత కఠినమైన నిషిద్ధాక్షరితో మొదలుపెట్టాలి.

నిషిద్ధాక్షరిలో అవధాని పద్యాన్ని ఒక్కో అక్షరంగా చెబుతాడు. ప్రతి అక్షరం తరవాతా పృచ్ఛకుడు ఒక హల్లును నిషేధిస్తాడు. ఆ నిషేధం వెంటనే రాబోయే అక్షరానికే వర్తిస్తుంది. శేషాచలం మీద ఉదయాన్ని కందంలో చెప్పమన్నారనుకుందాం. ఇది నేను కట్టిన మచ్చు. అవధాని ‘కొం’ అన్నాడు. కొండ వస్తుందని పసిగట్టి పృచ్ఛకుడు డకారాన్ని ఆపాడు. అవధాని ‘గు’ అన్నాడు. కొంగున అంటాడేమోనని నకారం ఆగింది. ‘వ’ వచ్చింది. కొంగువలె అనబోతున్నాడని లకారం ఆగింది. ‘ద’ వచ్చింది. పృచ్ఛకుడి దృష్టి ఇంకా కొంగు మీదే ఉంటే, మొదట ఆగిపోయిన కొండ ఏడో అక్షరానికి తిరిగి వస్తుంది:

కొంగు వదలి కొండ నుదుట
గంగవలె దిగెను మిలమిల కాంతులు మెల్లన్

మబ్బు కొంగును వదలిన వెలుగులు కొండ నుదుటి మీదికి గంగలా దిగాయని భావం. ఈ సగం పద్యంలో జరిగిన పనిని విడదీసి చూద్దాం. పృచ్ఛకుడు ‘డ’ వద్దన్న క్షణంలో అవధాని ‘గు’ ఎంచుకున్నాడు. ఆ రెండో అక్షరంతో పద్యం మొత్తానికీ ప్రాస నిర్ణయమైపోయింది. ఇక నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం సున్న తరవాతి గకారమే కావాలి. గంగ, రంగు, పొంగు, శృంగం, అంగన, సంగతి: మాటలు ఆ వాకిలి దగ్గరికే వచ్చి నిలబడతాయి. మొదటి అక్షరం గురువు కాబట్టి ప్రతి పాదమూ గురువుతోనే మొదలవ్వాలి. అడ్డుకోవడానికి పెట్టిన నిషేధమే తరవాతి మూడు పాదాలకూ గుర్తయి కూర్చుంది.

రెండో పాదంలో యతి ఉంది. కందం సరిపాదాల్లో మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ మైత్రి కుదరాలి. ‘గం’తో ఎత్తుకున్నాం కాబట్టి ‘కాం’ వచ్చింది. కవర్గాక్షరాలు కలిశాయి, అకార ఆకారాలూ కలిశాయి. పాదం మొదలు గుర్తుంటే నడుమ అక్షరం దానంతటదే సగం తెలిసిపోతుంది. వీటన్నిటి కింద గణాలు నడుస్తుంటాయి. కందంలో ప్రతి గణానికీ నాలుగు మాత్రలు. బేసిపాదానికి మూడు గణాలు, సరిపాదానికి ఐదు. సగం పద్యానికి ఎనిమిది గణాల్లో ఆరోది జగణమో నలమో అయి తీరాలి, బేసి గణంగా జగణం రాకూడదు, చివర గురువు ఉండాలి. పైపాదాల్లో ఆరో గణం ‘మిలమిల’. నాలుగు లఘువులు, నలం. అక్కడ ‘మెరిసే’ అనే మాట జ్ఞాపకంలోకి వచ్చినా నడక ఒప్పుకోదు. సరి సమాధానం గుర్తు రాకముందే తప్పు సమాధానాలు రాలిపోతాయి. ధారణలో ఛందస్సు చేసే మేలు ముఖ్యంగా ఇదే.

మిగిలిన అంశాలూ ఇదే పనిని తలా ఒక వైపు నుంచి చేస్తాయి. న్యస్తాక్షరిలో ఫలానా పాదంలో ఫలానా చోట ఫలానా అక్షరమే ఉండాలంటారు. దత్తపదిలో ఇడ్లీ, వడ, దోశ, పూరి లాంటి నాలుగు మాటలిచ్చి భారతార్థంలో పద్యం కట్టమంటారు. సమస్యలో అర్థం కుదరనట్టు కనిపించే చివరి పాదం ముందే ఇస్తారు. చూసేవాళ్లకు ఇవన్నీ బరువులు. కట్టేవాడికి ప్రతి షరతూ పద్యంలో కదలకుండా పాతిన గుంజ. ఏ షరతూ లేని పద్యాన్ని ధారణలో నిలుపుకోవడమే ఎక్కువ కష్టమని నా నమ్మకం.

ఇక చెప్పే క్రమం. అవధాని ఒక పృచ్ఛకుడికి పద్యమంతా ఒకేసారి చెప్పడు. మొదటి ఆవృత్తంలో ఒక్కో పాదం చెప్పి పక్కవారి దగ్గరికి వెళతాడు. రెండో ఆవృత్తంలో తిరిగి వచ్చి రెండో పాదం ఎత్తుకుంటాడు. అలా నాలుగు ఆవృత్తాలు. శతావధానంలోనైతే మొదటి పాదానికీ రెండో పాదానికీ మధ్య దాదాపు వందమంది ఉంటారు. ఆ విరామాన్ని దాటించేది ప్రాసే. మొదటి పాదం చెవిలో మోగితే రెండోది ఎక్కడ మొదలవ్వాలో తెలుస్తుంది.

అవధాన నిర్మాణంలో నాకు అన్నిటికన్నా తెలివైనదిగా కనిపించేది అప్రస్తుత ప్రసంగం. ఒక పృచ్ఛకుడు మధ్యమధ్యలో లేచి చిత్తూరు మామిడికాయల ధర గురించో, కొండ మీది క్యూల గురించో ఏదో ఒకటి అడుగుతాడు. అవధాని చమత్కారంగా బదులు చెప్పాలి. సభకు అది నవ్వుల ఘట్టం. లోపల జరిగేది వేరు. 1974లో అలన్ బ్యాడ్లీ, గ్రాహమ్ హిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు తాత్కాలిక జ్ఞాపకానికి ఒక నమూనా ప్రతిపాదించారు. అందులో ఒక భాగం మాటల ధ్వనికి సంబంధించింది. విన్న మాటను మనసులో మళ్లీ మళ్లీ పలుకుకుంటూ చెదిరిపోకుండా నిలుపుకుంటాం. ఫోన్ నంబరును డయల్ చేసేదాకా పెదవుల కింద అనుకోవడం అలాంటిదే. ఆ సమయంలో నోటితో వేరే మాట పలికిస్తే లోపలి వల్లెవేత ఆగిపోయి జ్ఞాపకం దెబ్బతింటుందని ప్రయోగాల్లో తేలింది. అప్రస్తుత ప్రసంగి సరిగ్గా ఆ పనే చేస్తాడు. అవధాని గొంతును ఆక్రమించుకుంటాడు. వల్లెవేతతో పద్యాన్ని మోసుకెళ్లే దారి మూసుకుపోతుంది. మిగిలేది కట్టడంలో ఇమిడిపోయిన పద్యం మాత్రమే. ఏ ప్రయోగశాలా లేకుండానే మన పండితులు ఈ పరీక్షను వినోదంలో కలిపేసి పెట్టారు.

1956లో మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ మనం ఒక్కసారిగా పట్టుకోగలిగేవి ఏడు, అటూఇటూగా రెండు అంశాలేనని రాశాడు. అంశం ఎంత పెద్దదైనా కావచ్చు. అక్షరాలు మాటగా, మాటలు పాదంగా కలిసిపోతే లెక్కకు ఒకటే. 1980లో ప్రచురించిన పరిశోధనలో అమెరికాలోని ఆండర్స్ ఎరిక్సన్ బృందం ఒక విద్యార్థికి అంకెలు గుర్తుంచుకోవడంలో ఏడాదికి పైగా సాధన చేయించింది. అతను పరుగు పందేల వాడు. అంకెలను పందెం సమయాలుగా మార్చుకుని ఏడుతో మొదలై డెబ్బై తొమ్మిది దాకా వెళ్లాడు. అంకెల బదులు అక్షరాలివ్వగానే ఆరు దగ్గర ఆగిపోయాడు. పెరిగింది అతని జ్ఞాపకశక్తి కాదు, అంకెలను ఉంచే చోట్లు. అవధాని దగ్గర ఆ చోట్లు భాషలోనే ఉన్నాయి. నన్నయ నుంచి వేల పద్యాలు చదివిన చెవికి ఉత్పలమాల ఇరవై అక్షరాలు విడివిడిగా వినపడవు. పదో అక్షరం దగ్గర యతితో మలుపు తిరిగే ఒకే నడకగా వినపడతాయి.

తిరుమల కొండ మీదే, ధర్మగిరి వేదపాఠశాలలో, మాటను నిలిపే పని మరో దారిలో సాగుతుంది. ఘనపాఠంలో ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, ఒకటి రెండు మూడు అంటూ పదాలను ముందుకూ వెనక్కూ పలికి, ఒక పదం జారిపోయినా తెలిసిపోయేలా అల్లుతారు. అక్కడ కాపాడేది తరతరాలుగా ఉన్న పాఠం, ఒక్క స్వరం మారకూడదు. అవధాని కాపాడేది గంట క్రితం పుట్టిన పద్యం. అది ఏ పుస్తకంలోనూ లేదు.

అందుకే ధారణ మొదలయ్యాక పృచ్ఛకుల చేతుల్లోని కాగితాలను చూడాలి. ప్రతివారూ తాము రాసుకున్న పద్యాన్ని వేలితో వెంబడిస్తుంటారు. అవధాని ఒక్కోసారి పాదం మధ్యలో ఆగి, మొదటి అక్షరం మళ్లీ పలికి, యతిస్థానం మీద చిన్న ఊనిక ఇచ్చి ముందుకు సాగుతాడు. ఆ ఆగడాన్ని మరపు అనుకోకూడదు. ‘గం’ అని పలికి ‘కాం’ కోసం వెతుకుతున్నాడు. దొరికాక మిగిలిన గణాలు వాటి బరువు ప్రకారం వచ్చి చేరతాయి, నిషిద్ధాక్షరి పృచ్ఛకుడి వేలు చివరి పొల్లు దాకా సాగుతుంది.