బిట్‌లో ఇమడని ముద్దుపళని

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి. నగర్ దాకా రోడ్డు పొడుగునా కోచింగ్ సెంటర్ల బోర్డులు, వాటి వెనక సందుల్లో లేడీస్ హాస్టళ్ళు. నల్గొండ, సూర్యాపేట వైపు నుంచి వచ్చిన ఆడపిల్లలు ఆ ఇరుకు గదుల్లో డీఎస్సీకి, గ్రూప్స్‌కి, జూనియర్ లెక్చరర్ పరీక్షలకి చదువుతుంటారు. 2018 సెప్టెంబరులో ఎల్.బి. నగర్‌కి మెట్రో వచ్చాక కోఠిలోని మహిళా కళాశాల వాళ్ళకి మరింత దగ్గరైంది. పగలు అక్కడ ఎమ్మే తెలుగు, రాత్రి గదిలో బిట్ బ్యాంకు. సాహిత్యం చదివే అమ్మాయిల్లో చాలామంది ఈ రెండు చదువుల మధ్యే ఉన్నారు.

మనలో కొందరికి బిట్ బ్యాంకంటే చిన్నచూపు. కానీ "తెలుగు చదివితే ఏమొస్తది?" అని ఇంట్లో అడిగితే ఆ పిల్ల చెప్పగలిగిన జవాబు టీచరుద్యోగమే. ఆ ఆశ మీదే పెళ్ళి ఇంకో ఏడాది వాయిదా పడుతుంది. కాబట్టి కోచింగ్ సెంటర్లని వెక్కిరించడం వల్ల లాభం లేదు. బిట్ చెప్పలేనిది యూనివర్సిటీ క్లాసు ఏం చెబుతోంది? మనం అడగాల్సింది ఇదీ.

ముద్దుపళనినే తీసుకుందాం. పద్దెనిమిదో శతాబ్దం, తంజావూరు, ప్రతాపసింహుడి ఆస్థానం, 'రాధికా సాంత్వనము'. ఒక మార్కుకి ఇది చాలు.

ఆ తర్వాత జరిగిందే అసలు కథ. పందొమ్మిదో శతాబ్దంలో అచ్చయిన ప్రతిలో కొన్ని పద్యాలతో పాటు కవయిత్రి తన గురించి చెప్పుకున్న పీఠిక కూడా ఎగిరిపోయింది. తన సాహిత్య వారసత్వాన్ని నాయనమ్మ నుంచి, మేనత్త నుంచి ముద్దుపళని చెప్పుకున్నది ఆ పీఠికలోనే. శృంగార పద్యాలు తీసేస్తే నీతి కోసం అంటారు. నాయనమ్మనీ మేనత్తనీ తీసేయడం ఏ నీతి కోసం?

కందుకూరి వీరేశలింగం ఈ కావ్యాన్ని సిగ్గుమాలినదన్నారు. దేవదాసీ కుటుంబంలో పుట్టిన బెంగుళూరు నాగరత్నమ్మ పూర్తి ప్రతి సంపాదించి 1910లో అచ్చువేసింది. సిగ్గు ఆడవాళ్ళకేనా, మగకవులకి అక్కర్లేదా అని ఎదురు ప్రశ్న వేసింది. 1911లో ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానిగా ఉన్న కాలంలో గానీ ఆ నిషేధం తొలగలేదు. 1952లో మళ్ళీ అచ్చయింది. అప్పట్లో సీఫెల్‌లో పాఠాలు చెప్పిన సూసీ తారూ, కె. లలిత కలిసి 1991లో తెచ్చిన 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' మొదటి సంపుటం ముందుమాట ఈ కథతోనే మొదలవుతుంది.

ఈ కథ అర్థం కావాలంటే పద్యం చదవడం రావాలి. దేవదాసీల బతుకు తెలియాలి. వలస ప్రభుత్వం అశ్లీలాన్ని ఎలా నిర్వచించిందో తెలియాలి. కానీ మన విశ్వవిద్యాలయాల్లో సాధారణంగా పద్యం తెలుగు శాఖది, నిషేధం చరిత్ర శాఖది, స్త్రీవాద సిద్ధాంతం ఇంగ్లీషు శాఖది. ముద్దుపళనిని మూడు ముక్కలుగా చేసి పంచుకున్నాక విద్యార్థిని చేతికి మిగిలేది మళ్ళీ ఆ బిట్టే. అలాంటప్పుడు క్లాసుకీ కోచింగ్‌కీ తేడా ఏముంది?

భాష సంగతీ అంతే. 1924 నాటి ఆ కోఠి కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయమైంది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. సంతోషమే. ఐలమ్మ ఏ యూనివర్సిటీలోనూ చదవలేదు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో తన భూమి గురించి, పోరాటం గురించి ఆమే చెప్పుకుంది. అక్కడ ఆమె మాట్లాడిన మాటే చరిత్రకి ఆధారం. మరి అదే మాటతీరులో ఆ అమ్మాయి పరీక్షలో జవాబు రాస్తే మార్కులు వేస్తామా, ఎర్ర సిరాతో దిద్దుతామా?

బిట్లు ఉండనిద్దాం, ఉద్యోగాలు రానిద్దాం. ప్రశ్నపత్రాలు తయారుచేసే చేతులు మనలో చాలామందివే కదా! రాధికా సాంత్వనం రాసిందెవరని అడిగిన పేపర్లోనే ఆ పీఠిక లేకపోతే మనం ఏం పోగొట్టుకునేవాళ్ళమో కూడా అడుగుదాం. దానికి జవాబు రాయాలంటే ఆ పిల్ల తన నాయనమ్మనీ మేనత్తనీ తలచుకోక తప్పదు.