సేవకీ వెట్టికీ మధ్య ఒక చీపురు

పోయిన వేసవిలో మా మామ్మ జ్ఞాపకార్థ కూడికకి ఊరెళ్ళాను. కృష్ణదేవిపేట నుంచి ఆటోలో పావుగంట దూరం మా ఊరు. రేకుల చర్చి, ముందు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు. పాస్టరు గారు మంచి మనిషి, మామ్మంటే నిజంగా గౌరవం ఉన్నవారు. ఆవిడ గురించి ఓ పది నిమిషాలు ప్రేమగా మాట్లాడి, చివర్లో ఇలా అన్నారు: "అమ్మగారు సేవలో లేకపోయినా, గొప్ప ప్రార్థనాపరురాలు."

అందరూ ఆమెన్ అన్నారు. అలవాటు కొద్దీ నేనూ అన్నాను. భోజనాలకి కూర్చున్నాక గానీ ఆ మాట నాకు గుచ్చుకోలేదు.

మామ్మ ముప్పై ఏళ్ళకి పైగా ప్రతి శనివారం సాయంత్రం ఆ చర్చి తుడిచింది. కుండలో మంచినీళ్ళు నింపింది. ఎవరింట్లో బాలింత ఉన్నా పథ్యం వండి పట్టుకెళ్ళింది. ఎవరైనా పోతే, చుట్టాలు వచ్చేలోపు శవానికి స్నానం చేయించినవాళ్ళలో ఆవిడ ఉండేది. ఇదంతా చేసిన మనిషి "సేవలో లేదు". మా వైపు చర్చిల్లో సేవ అంటే వాక్యం చెప్పడం, మైకు పట్టుకోవడం. "మీవాడు సేవలో ఉన్నాడా, ఉద్యోగంలో ఉన్నాడా?" అని అడుగుతారు. రెండే గళ్ళు. మామ్మ ఏ గడిలోనూ పట్టలేదు.

ఆ సాయంత్రం కృష్ణదేవిపేటలో నర్సీపట్నం బస్సు కోసం ఆగాల్సి వచ్చింది. టైముంది కదా అని అల్లూరి సీతారామరాజు సమాధి దగ్గరికెళ్ళి కూర్చున్నాను. 1924 మే 7న కొయ్యూరు దగ్గర చంపేసి ఆయన్ని తెచ్చి దహనం చేసింది ఇక్కడే. అంతకు రెండేళ్ళ ముందు, 1922 ఆగస్టు 23న, ఆయన దళం తుపాకుల కోసం దాడి చేసింది కూడా ఈ ఊరి పోలీస్ స్టేషన్ మీదే. ముందురోజు చింతపల్లి, మర్నాడు రాజవొమ్మంగి. ఇదంతా బడిలో చదువుకున్నదే. కానీ ఆ రోజు నాకు తుపాకుల కన్నా వాటి వెనకున్న కారణాలు గుర్తొచ్చాయి. పోడు మీద ఆంక్షలు ఒకటి. రెండోది రోడ్డు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం-లంబసింగి ఘాట్ రోడ్డు పనికి మన్యం జనాన్ని బలవంతంగా తోలి, చాలీచాలని కూలితో చేయించాడు. దానికి ఈ ప్రాంతంలో ఒక పేరుంది. వెట్టి.

పొద్దున విన్న సేవ, సాయంత్రం గుర్తొచ్చిన వెట్టి. ఈ రెండు మాటల మధ్య దూరమెంత? అప్పట్నుంచి నేను చదివిందంతా ఈ ప్రశ్న కోసమే. నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి కాదు, కోడ్ రాసుకుని బతికేవాణ్ణి. కాబట్టి ఇది పండితుల వ్యాసం కాదు. ఒక మాట ఎక్కడ తేడాగా నడుస్తోందో వెతికే డీబగ్గింగ్ లాంటిదనుకోండి.

*

ముందు బైబిల్. తెలుగు క్రైస్తవుల ఇళ్ళల్లో ఉండే పాత అనువాదం తెలుగు వచనంలో ఒక పెద్ద పుస్తకం. మన విమర్శకులు దాన్ని మతగ్రంథమని పక్కన పెట్టేశారు గానీ, లక్షల మంది తెలుగు చదవడం నేర్చుకున్నది దాంట్లోనే. మా మామ్మ కూడా.

ఆ అనువాదంలో సేవకి చాలా మాటలున్నాయి. పరిచారము, పరిచర్య, దాసుడు, సేవకుడు. గ్రీకు మూలంలో "దూలోస్" అంటే బానిస. సంతలో కొనుక్కునే మనిషి. తెలుగులో అది "దాసుడు" అయింది. ఆ మాట వినగానే మనకి సంత గుర్తుకు రాదు, తంబురా గుర్తొస్తుంది. రామదాసు గుర్తొస్తాడు. బానిస మాటలోని చెమట వాసన భక్తి పరిమళంలో కలిసిపోయింది. అనువాదకులది తప్పనలేను. తెలుగులో భక్తి అప్పటికే ఆ మాటని కడిగి పెట్టింది.

ఇంకో చోటు నన్ను ఇంతకన్నా ఎక్కువసేపు ఆపింది. కొండమీది ప్రసంగంలో, నిన్నెవడైనా ఒక మైలు రమ్మని పట్టుకెళితే రెండు మైళ్ళు వెళ్ళమనే మాట ఉంది కదా. అక్కడి గ్రీకు క్రియ మామూలు బలవంతానికి వాడేది కాదు. పారశీక రాజుల టపా వ్యవస్థ నుంచి వచ్చిన మాట అది. దారినపోయే మనిషినో గాడిదనో అధికారం పేరుతో పట్టుకుని బరువు మోయించడం. రోమన్ సైనికులు పాలస్తీనాలో చేసింది అదే. పొలం నుంచి వస్తున్న కురేనీయుడైన సీమోను చేత సిలువ మోయించినప్పుడు కూడా సువార్తల్లో అదే క్రియ. తెలుగులో దానికి సరిగ్గా సరిపోయే మాట వెట్టి. మన అనువాదంలో మాత్రం రెండు చోట్లా "బలవంతము" అని ఉంది.

వాళ్ళకి వెట్టి అనే మాట తెలియక కాదు. నిర్గమకాండం మొదట్లో ఐగుప్తులో ఇశ్రాయేలీయుల చేత చేయించినవి వెట్టిపనులే. సొలొమోను మందిరం కట్టడానికి మనుషుల్ని పంపినప్పుడు కూడా వెట్టిపనే. పాత నిబంధనలో ఇంత ధైర్యంగా వాడిన మాట సువార్తల దగ్గరికి వచ్చేసరికి కనబడదు. కారణం ఏదైనా, ఫలితం మాత్రం ఉంది. యేసు మాట్లాడుతున్నది వెట్టి చేసే జనంతో అని తెలుగు పాఠకుడికి తెలియకుండా పోయింది. రెండో మైలు మంచితనం గురించిన నీతిబోధ అయిపోయింది. లంబసింగి రోడ్డు మీద రాళ్ళు మోసినవాళ్ళకి ఆ వాక్యాన్ని "వెట్టి" అని చదివి వినిపించి ఉంటే ఎలా వినేవారో! కోపమొచ్చేదేమో. కానీ ఇది తమ గురించేనని తెలిసేది.

మా ఆఫీసులో ఈ కథకి ఇంకో రూపం ఉంది. "సర్వెంట్ లీడర్‌షిప్" ట్రైనింగ్ ఏటా ఒకసారి ఇస్తారు. ఆ మాట 1970లో రాబర్ట్ గ్రీన్‌లీఫ్ రాసిన వ్యాసం నుంచి వచ్చింది. మంచి ఆలోచనే. అయితే ఆ రోజు హాల్లో సేవకుల్లాంటి నాయకులం నలభై మందిమి కూర్చుని ఉంటే, మా కప్పులు తీసుకెళ్ళిన హౌస్‌కీపింగ్ ఆవిణ్ణి ఎవరూ ఆ మాటతో పిలవలేదు. పైవాడు కిందికి వంగితే సేవ. కిందే ఉన్నవాళ్ళు చేస్తే డ్యూటీ.

*

ఇప్పుడు ఒక కాలువ గురించి. వెట్టి రోడ్డు గురించి చెప్పాక దీన్ని పక్కన పెట్టి చూడాలి.

1876-78 కరువులో ఒంగోలు ప్రాంతంలో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కరువు పనిగా సాగింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అందులో మూడున్నర మైళ్ళ ముక్కని కాంట్రాక్టుకి తీసుకున్నాడు. మిషన్‌లో చేరకముందు ఆయన సర్వేయరు. మిగతా చోట్ల మాదిగలని తిట్టి, కొట్టి, కూలి ఎగ్గొడుతుంటే, ఇక్కడ పని చూసేవాళ్ళుగా తన బోధకుల్నే పెట్టాడు. పని సాగినన్నాళ్ళూ, ఏడాదికి పైగా, ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని. కరువు సాయం ఆగిపోయాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెలుంపిల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఆయన జ్ఞాపకాలు "సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్" పేరుతో, ఆయన పోయాక 1914లో వచ్చాయి. రాసిపెట్టింది ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. ఇంజనీరుగా ఆ పుస్తకం నాకు నచ్చింది. జాలి అనేదాన్ని ఆయన కొలతల్లోకి, కూలి లెక్కల్లోకి తెచ్చాడు. ఆకలితో ఉన్నవాడికి ప్రసంగం కన్నా ముందు పని, కూలి, తిట్టని మేస్త్రీ కావాలని అర్థం చేసుకున్నాడు. బాప్తిస్మం ఆపడం నా దృష్టిలో ఇంకా పెద్ద సంగతి. ఇచ్చినదానికి బదులు అడగకుండా చేతులు కట్టుకోవడం ఎంత కష్టమో, ఇవాళ దుప్పట్లు పంచుతూ ఫొటోలు పెట్టే మనకి తెలుసు.

కానీ ఆ పుస్తకం ఒక కాంట్రాక్టరు కథ. గట్టు మీద నిలబడి చూస్తే తట్టలు కనిపిస్తాయి, తట్ట కింద మెడ కనిపించదు. ఆ 2,222 మందిలో చాలామంది మనకి అంకెగానే మిగిలిపోయారు.

ఆ మెడని చూపించిన పుస్తకం 2000లో వచ్చిన జి. కళ్యాణరావు "అంటరాని వసంతం". అదే కరువు, అదే కాలువ. శివయ్య, శశిరేఖ పని కోసం అక్కడికి వెళితే ఆకలి కన్నా ముందు కులం ఎదురొస్తుంది. తోటి ఆకలిగొన్నవాళ్ళే తరుముతారు. చేరదీసేది మార్టిన్ అనే తెలుగు క్రైస్తవుడు. కళ్యాణరావు మిషనరీలని దేవుళ్ళని చెయ్యలేదు, దొంగలనీ చెయ్యలేదు. చేతిలోకి వచ్చిన బైబిల్ మనిషికి తల ఎత్తుకోవడం ఎలా నేర్పిందో చూపిస్తాడు. అదే చర్చిలోకి కులం ఎలా నడుచుకుంటూ వచ్చి కూర్చుందో కూడా చూపిస్తాడు. క్లౌ పుస్తకం చదివినవాళ్ళు దీన్ని తప్పకుండా చదవాలి. దీన్ని చదివినవాళ్ళు క్లౌని చదివితే కూడా నష్టమేమీ లేదు.

నాకున్న పేచీ ఒకటే. నవల మొత్తం రూతు జ్ఞాపకంలోంచి వస్తుంది. తరాల కథలు మోసేది ఆవిడే. కానీ నవల చివరికొచ్చేకొద్దీ బరువంతా ఉద్యమంలోకి వెళ్ళినవాళ్ళ మీదకి మారుతుంది. ఇమ్మానుయేలు, జెస్సీ దారి పెద్దదే, కాదనను. అయితే గుర్తు పెట్టుకోవడం, కనిపెట్టుకుని ఉండటం, మిగిలినవాళ్ళకి అన్నం పెట్టడం అనే పనికి నవల గౌరవం ఇస్తుంది గానీ చరిత్రలో చోటు ఇవ్వదు. కాంట్రాక్టరు పుస్తకంలోనూ శనివారం సాయంత్రం లేదు, విప్లవ నవలలోనూ లేదు. పాస్టరు గారి రెండు గళ్ళే వీటిలోనూ కనిపించాయి నాకు.

*

రోడ్డునీ కాలువనీ పక్కపక్కన పెడితే రెండూ మట్టిపనులే. తట్టలూ పారలూ ఒకటే. తేడా కూలిలో కొంత ఉంది. అంతకన్నా, వద్దు అనగలగడంలో ఉంది. లంబసింగి రోడ్డు మీద వద్దంటే దెబ్బలు. క్లౌ కాలువ దగ్గర వద్దనే వీలుంది. కానీ వద్దంటే ఆకలి. అందుకే దాన్ని కూడా పూర్తి స్వేచ్ఛ అని పొగడలేకపోతున్నాను. వద్దనగలిగి ఉండీ చేసినప్పుడే సేవ అనే మాటకి ప్రాణం ఉంటుంది.

యోహాను సువార్తలో పాదాలు కడిగే ఘట్టం మన పాటల్లో, బొమ్మల్లో వినయానికి గుర్తుగా మిగిలింది. నేనిప్పుడు దాన్ని ఇంకోలా చదువుతున్నాను. ఆ తువ్వాలు ఇంకెవరి చేతిలోనో ఉండాల్సింది. బోధకుడు దాన్ని తీసుకున్నాడు. అక్కడితో ఆపలేదు, మీలో మీరు ఒకరికొకరు ఇలాగే చేసుకోమన్నాడు. అంటే తువ్వాలు చేతులు మారుతూ ఉండాలి. ఒకే చేతిలో ముప్పై ఏళ్ళు ఉండిపోతే ఆ చేతిని ఎంత పొగిడినా, మిగతావాళ్ళు ఆ మాట వినలేదనే అర్థం. చర్చిలో కులం లేదు, ఆడా మగా తేడా లేదు అని చెప్పేటప్పుడు చీపురు ఎవరి చేతిలో ఉందో ఒక్కసారి చూడాలి.

మరి మామ్మది సేవేనా? తెలీదు. ఆవిడ పాడుకుంటూ తుడవడం చూశాను. జ్వరంతో తుడవడం కూడా చూశాను. ఆ రోజు "వద్దులే మామ్మా" అని చీపురు లాక్కోవాలని నాకు తోచలేదు. పక్కనే కూర్చుని కామిక్స్ చదువుకున్నాను. ఆవిడ పని సేవ అవునో కాదో తేల్చాల్సిన మనుషుల్లో నేనూ ఒకణ్ణని ఇప్పుడు తెలుస్తోంది.

కూడిక అయిన వారానికి అమ్మ ఫోన్ చేసింది. చర్చి పెద్దలు ఇంటికొచ్చారట. "అత్తగారి సేవ ఇకమీదట మీరే కొనసాగించాలమ్మా" అన్నారట.

"మరి నువ్వేమన్నావ్?"

"ఏటంటాన్రా? ఆవిడ తుడిసినన్నాళ్ళూ అది సేవ కాదన్నారు కదా, నా దగ్గరికొచ్చేసరికి సేవెలగయింది బాబూ అన్నాను. సరే, ఒక వారం నేను తుడుస్తాను, ఒక వారం పెద్దలు, ఒక వారం పాస్టరు గారి పిల్లలు. కాయితం మీద పేర్లు రాసి గోడకి అంటించండి అన్నాను."

"అంటించారా?"

"ఇంకా లేదు. ఆలోచిస్తారంట. నువ్వొచ్చే నెలొస్తే నీ పేరు కూడా రాయిస్తాను, వస్తావా?"

వస్తానన్నాను. శనివారం పొద్దున బయల్దేరితే సాయంత్రానికి అందుకోవచ్చు.