ఈ-రీడరు ప్రజల సాధనం కాగలదా?

ఒక సాహిత్య సాధనం ప్రజలదయిందని ఎప్పుడు చెప్పగలం? ఎన్ని అమ్ముడయ్యాయన్న లెక్క ఒక్కటే చాలదు. దాని ద్వారా పుస్తకం ఎన్ని చేతులు మారుతున్నదో చూడాలి. చదవడానికే ప్రత్యేకించిన ఈ-రీడరును ఈ గీటురాయి మీదే పరీక్షించాలని నా అభిప్రాయం.

2007 నవంబరులో అమెజాన్ సంస్థ అమెరికాలో కిండిల్‌ను 399 డాలర్లకు విడుదల చేసినప్పుడు తొలి సరుకు కొన్ని గంటల్లోనే అయిపోయింది. యంత్రం మంచిదే. విద్యుదావేశంతో కదిలే నలుపు, తెలుపు రేణువులు తెర మీద అక్షరాలవుతాయి. ముఖ్యంగా పుట మార్చినప్పుడే విద్యుత్తు ఖర్చవుతుంది గనుక ఒకసారి చార్జి చేస్తే వారాల తరబడి నడుస్తుంది. ఎండలోనూ చదవవచ్చు. చూపు మందగించిన వారికి అక్షరాన్ని పెద్దది చేసి చూపుతుంది. ఈ మేలును కాదనడం అభ్యుదయ దృష్టి అనిపించుకోదు.

అయితే విమర్శకుడు యంత్రం వెనకనున్న సంబంధాలను కూడా చూడాలి. 2009 జులైలో, అమ్మినవారికి హక్కులు లేవన్న కారణంతో, జార్జ్ ఆర్వెల్ '1984', 'యానిమల్ ఫామ్' ప్రతులను కొనుక్కున్న పాఠకుల కిండిళ్లలోంచి అమెజాన్ దూరాన్నుంచే తుడిచేసింది. డబ్బు తిరిగి ఇచ్చింది. తర్వాత క్షమాపణా చెప్పింది. కాని అసలు సంగతి బయటపడనే పడింది. పాఠకుడు డబ్బిచ్చి పొందింది చదువుకునే అనుమతి మాత్రమే. తాళం చెవి దుకాణదారుడి దగ్గరే ఉంది.

2011 నుంచి అమెరికాలో ప్రజాగ్రంథాలయాల ఈ-పుస్తకాలను కిండిల్ మీద అరువు తెచ్చుకుంటున్నారు కదా అని మిత్రులు వాదించవచ్చు. వాస్తవమే. కాని ఆ ఘనత అక్కడి గ్రంథాలయాలది. మన దగ్గర 1930లలో కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపిన పాతూరి నాగభూషణం గారు చేసిందీ ఇటువంటిదే: కొనలేని పాఠకుడి దగ్గరకు పుస్తకాన్నే తీసుకుపోవడం.

తెలుగు పాఠకుడి విషయంలో ఈ వైరుధ్యం మరీ స్పష్టం. 2016 డిసెంబరులో కిండిల్ తన వసతులను హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళ భాషలకు విస్తరించినప్పుడు ఆ జాబితాలో తెలుగు లేదు. మన పాత గ్రంథాలు చాలావరకు స్కాన్ చేసిన బొమ్మలుగానే దొరుకుతున్నాయి. ఆరంగుళాల తెర మీద పుట మొత్తం పెడితే వత్తులు ఆనవు. పెంచితే పంక్తి అంచు దాటిపోతుంది.

పైగా నా విద్యార్థుల ఇళ్లలో ఫోను ఉంది. కూలి డబ్బుతో కొన్న ఆ ఫోను మాట్లాడిస్తుంది, డబ్బు పంపుతుంది, పాఠమూ చూపుతుంది. చదవడం ఒక్కటే చేసే రెండో యంత్రాన్ని ఆ కుటుంబం ఎందుకు కొంటుంది?

కనుక ఈ-రీడరు విరివిగా చదివే, కొనగలిగే కొద్దిమంది పరికరంగానే మిగులుతుందని నేను భావిస్తున్నాను. రచయితల కర్తవ్యం దాని కోసం ఎదురుచూడడం కాదు. తమ రచనలను ఏ ఒక్క కంపెనీ తాళానికీ అప్పగించకుండా, యూనికోడ్‌లో, ఏ తెర మీదనైనా ఇమిడే రూపంలో, చౌక ముద్రణతో పాటుగా పాఠకులకు అందించాలి. చేతులు మారే వీలు లేని పుస్తకం ప్రజాసాహిత్యం కాజాలదు.