పరీక్ష భాష – సమూహ పక్షపాతం: గోదావరి డెల్టా నేపథ్యంలో ఒక పరిశీలన

1. ప్రస్తావన

ఒక సమూహపు విద్యార్థులకు తక్కువ మార్కులు వచ్చినంత మాత్రాన పరీక్షలో పక్షపాతం ఉందని చెప్పలేం. బోధనాలోపమూ అందుకు కారణం కావచ్చు. సమాన సామర్థ్యం గల రెండు సమూహాలలో ఒకటి మాత్రమే ఒక ప్రశ్న వద్ద తడబడితే, అప్పుడు ఆ ప్రశ్నను అనుమానించాలి. వైద్య గణాంకాల కోసం 1959లో రూపొందిన మాంటెల్–హెంజెల్ పద్ధతిని హాలండ్, థేయర్ 1988లో పరీక్షాంశాలకు అన్వయించింది ఈ పోలిక కోసమే. అయితే లెక్క అనుమానించదగిన ప్రశ్నను చూపుతుందే గాని కారణాన్ని చెప్పదు. కారణాన్ని భాషలోను, జీవనంలోను వెతకాలి.

2. వ్యావహారిక వాదం – పరీక్షా విమర్శ

తెలుగులో ఈ చర్చకు పూర్వరంగం వ్యావహారిక భాషోద్యమం. స్కూలు ఫైనలు వ్యాసపరీక్షను ఆధునిక భాషలోనూ రాయవచ్చన్న వెసులుబాటు 1912–13లో లభించింది. జయంతి రామయ్య పంతులు మొదలైనవారి వ్యతిరేకతతో అది నిలవలేదు. 1919లో కందుకూరి వీరేశలింగం అధ్యక్షులుగా, గిడుగు రామమూర్తి కార్యదర్శిగా రాజమహేంద్రవరంలో వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. నేటి దృష్టితో చూస్తే ఇది పరీక్షా విమర్శ కూడా. ఆలోచనను కొలవవలసిన వ్యాసపరీక్ష గ్రాంథిక నియమాల పరిచయాన్ని కొలిచింది.

3. మారిన ప్రమాణం

వ్యావహారికం గెలిచింది. కానీ ప్రమాణభాషకు ప్రధానాధారం కృష్ణా, గోదావరి ప్రాంతాల విద్యావంతుల వాడుక. నాడు గ్రాంథికం ఇచ్చిన అదనపు మేలు నేడు డెల్టా వాడుక ఇవ్వగలదు.

“ఒక రైతుకు ఎకరాకు సార్వాలో 28 బస్తాలు, దాళ్వాలో 35 బస్తాలు పండాయి. ఏడాది దిగుబడి ఎంత?” అనే ఊహాత్మక ప్రశ్నను పరిశీలించవచ్చు. కోనసీమ పిల్లవాడికి ఇది కూడిక. తెలుగే మాతృభాష అయినా, పోడు వ్యవసాయం మధ్య పెరిగిన కొండరెడ్ల పిల్లవాడికి ఇందులో రెండు అపరిచిత పదాలు ఎదురుకావచ్చు. ఇంట్లో కోయ మాట్లాడే పిల్లకు “దిగుబడి” కూడా అడ్డే కావచ్చు. కూడిక రాకపోవడం వేరు, దాళ్వా అంటే రెండో పంట అని తెలియకపోవడం వేరు. మార్కుల పట్టికలో మాత్రం రెండూ ఒకే సున్నా.

స్థానిక పదాలన్నిటినీ తొలగించడం దీనికి పరిష్కారం కాదు. పంటకాలాల పరిజ్ఞానాన్నే కొలిచే ప్రశ్నలో దాళ్వా ఉండవలసిందే. గణిత ప్రశ్నలో ఆ పదానికి పని లేదు.

4. ముగింపు

సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలని పూనుకొని, పాఠాలు సిద్ధం చేసిన గిడుగు కృషిలో ఈ మెలకువ ఉంది. ప్రమాణభాష విజయంలో అది మరుగున పడింది. ప్రశ్నపత్రం ఖరారయ్యే ముందు గణాంక పరిశీలనతో పాటు, మన్యంలోని పిల్లల చేత ప్రశ్నను చదివించి, వారికి అర్థమైనదేమిటో వారి మాటల్లోనే వినడం అవసరం.