సెలవు రోజున పరాయి ఊరు

మా చెల్లెలి కూతురు ఈ వారం ఫోన్ చేసింది. మొగుడూ పెళ్లాలు కొలంబోకి టికెట్లు కొనుక్కున్నారు. తీరా చూస్తే వాళ్లు దిగేది వెసాక్ నాడు, అంటే మన బుద్ధ పూర్ణిమ నాడు. "పెద్దమ్మా, ఆ రెండు రోజులూ అన్నీ మూసేస్తారట. డబ్బు పోతే పోయింది, తేదీలు మార్చుకోండి అంటున్నాడు ట్రావెల్స్ ఆయన" అంది. మార్చొద్దని అప్పుడే గట్టిగా చెప్పేశాను. కానీ ఆ మాట మాత్రం ఇంకా నన్ను వదల్లేదు.

మూసేస్తారన్నది నిజమే. శ్రీలంకలో ప్రతి పున్నమీ సెలవే, పోయ అంటారు. ఆ రోజు మందు అమ్మరు. వెసాక్‌కైతే మాంసం కొట్లు కూడా తెరవరు. ఈ వెసాక్ సెలవు ఊరికే వచ్చింది కాదు. బ్రిటిష్ ఏలుబడిలో అక్కడి బౌద్ధులు, వాళ్ల తరఫున లండన్ దాకా వెళ్లిన కల్నల్ ఆల్కాట్ అడిగి, పట్టుబట్టి 1885లో సాధించుకున్నారు. ఇప్పుడు మనం చూసే బౌద్ధ జెండా మొదట ఎగిరింది కూడా ఆ ఏటి వెసాక్ నాడే. అలా తెచ్చుకున్న పండగ మన టూరుకు అడ్డమొచ్చిందంటే నాకు కోపం వస్తుంది.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పాటలు తెలుసు. జాబితా పట్టుకుని ఊరు చూడొద్దంటాను. పరాయి ఊళ్లో ఏది తీసుకున్నా డబ్బిచ్చే తీసుకోవాలంటాను. మొదటి మాట మీద ఈనాటికీ నిలబడతాను. రెండోదాన్ని మాత్రం కొలంబోలో ఒక కుర్రాడు వమ్ము చేశాడు.

చాలా ఏళ్ల కిందటి వెసాక్ అది. మ్యూజియం మూసి ఉంది, కొట్లు మూసి ఉన్నాయి. గంగారామయ గుడి వైపు నడుస్తున్నాను. రోడ్డుకు అడ్డంగా కుర్రాళ్లు జెండాలు ఊపుతూ బస్సుల్నీ ఆటోల్నీ ఆపుతున్నారు. చందాలకేమో అనుకున్నాను. కాదు, తినిపోండని ఆపుతున్నారు! దాన్ని దన్సల అంటారు. ఆటోస్టాండు వాళ్లు, ఆఫీసుల వాళ్లు, వీధి కుర్రాళ్లు తలా ఇంత వేసుకుని పందిరి కట్టి, వచ్చినవాళ్లందరికీ పెడతారు. ఒకచోట అన్నం, కూరలు. ఒకచోట ఉడికించిన శనగలు. ఇంకోచోట ఐస్‌క్రీమ్. మన శ్రీరామనవమి పందిట్లో పానకం, వడపప్పు పంచినట్టే. కాకపోతే ఇక్కడ ఊరంతా పందిరే.

పక్కకి తప్పుకోబోతుంటే తెల్లచీర కట్టుకున్న ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని వరుసలో తన ముందు నిలబెట్టింది. ఉడికిన కర్రపెండలం ముక్కలు, పొగలు వస్తూనే ఉన్నాయి. పైన కొబ్బరికోరు, ఎండుమిరప కలిపి నూరిన సంబల్. ఎండబెట్టిన మారేడు పూలు మరిగించిన నీళ్లు గ్లాసుడు, కొరుక్కోవడానికి బెల్లం ముక్క. మారేడు కాయ షర్బత్ తెలుసు గానీ, పూలు తాగుతారని నాకు అప్పటిదాకా తెలీదు. కొంచెం వగరు, చివర్న పువ్వు వాసన. పర్సు తీశాను. వడ్డించే కుర్రాడు గరిటె గిన్నెలో వదిలేసి రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "వద్దు ఆంటీ" అని ఇంగ్లీషులో అని, ఇంకో రెండు ముక్కలు వేశాడు.

పుణ్యం పెట్టేవాడిది. అందుకు తినేవాడు కావాలి. బస్సులకు అడ్డం పడేది అందుకే. అక్కడ డబ్బివ్వడమంటే వాడి పండగని వాడి దగ్గర కొనెయ్యడమే. సింహళ భిక్షువుల కోసం మన నాగార్జునకొండలో చైత్యగృహం కట్టించిన బోధిసిరి అనే ఉపాసిక గుర్తొచ్చింది. మూడో శతాబ్దపు శాసనంలో ఉందావిడ పేరు. సముద్రం దాటి వచ్చినవాళ్లని ఆవిడా ఏమీ అడిగి ఉండదు.

చీకటి పడ్డాక తోరణ చూశాను. మేడంత ఎత్తు పందిరి, దాని నిండా ఒక జాతక కథ బొమ్మలు, చుట్టూ పరుగెత్తే రంగు బల్బులు, మైకులో పద్యాల్లో కథ. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని ఊళ్లకు ఊళ్లు దిగాయి. మిగతా రోజుల్లో టూరిస్టు కొనుక్కునేవాడే. హోటల్ వాడికీ, గైడుకీ, ఆటో అతనికీ. ఆ ఒక్క రోజు మాత్రం నేను ఎవరి బేరాన్నీ కాను.

ఇంత చెప్పాక, వెసాక్‌కి పదండని రాయాలి. రాయను. ఆ వరుసలో నా వెనక లారీ దిగిన కుటుంబాలున్నాయి. పిల్లలు రెండోసారి చెయ్యి చాస్తున్నారు. ఆ పూటకి వాళ్లకదే భోజనమని చూస్తేనే తెలిసింది. గంగాళం ఖాళీ అయితే దన్సల మూసేస్తారు. దారిన పోతూ ఒకరిద్దరం దూరితే ఆ కుర్రాళ్లకు సంతోషమే. అది చూడ్డానికే విమానాల్లో వచ్చి, కెమెరాలు పట్టుకుని నిలబడితే, పెట్టేవాళ్లు ప్రదర్శన ఇచ్చేవాళ్లయిపోతారు. అనుకోకుండా ఎదురైతే తప్పుకోకండి, నిలబడి తినండి. దానికోసమని మాత్రం టికెట్ కొనకండి. తర్వాతి పున్నమి పొసొన్, బౌద్ధాన్ని తెచ్చిన మహిందుడు లంకకు వచ్చిన రోజు. ఆయన అడుగుపెట్టిన మిహింతలె కిక్కిరిసిపోతుంది, అదీ వద్దు. తక్కిన పున్నముల్లో ఏదో ఒకటి చూసుకోండి. మందు దొరకదు, బ్యాంకు ఉండదు, పొద్దున్నే తెల్లబట్టలు కట్టుకుని శీలం తీసుకోవడానికి గుడికి పోయేవాళ్లు బస్సు నిండా ఉంటారు. అదే బస్సెక్కి కెలణియ గుడికి వెళ్లండి.